చుక్కబర్రె పాట: మా ముంపు ఊరి కథ పాటయ్యేదాకా నా అనుభవం

2025 సెప్టెంబరు 27న, సద్దుల బతుకమ్మ నాడు, మా కాలనీ ఆడవాళ్ళు మా ఊరి మీద కట్టిన పాట పాడుకుంటూ బతుకమ్మ ఆడారు. వేములవాడలో సద్దులకు తొమ్మిదో రోజు దాకా ఆగరు, ఏడో రోజుకే చేస్తారు. మేమూ అంతే. ఆ వీడియో వాట్సాప్‌లో తిరిగినప్పటి నుంచి నాకు ఫోన్లు వస్తున్నాయి. "ఎవరితో కట్టించిన్రు, ఎంత తీసుకున్నరు, ఎన్ని రోజులు పట్టింది" అని అడుగుతున్నారు. ఫోన్లో చెప్తుంటే ముఖ్యమైన సంగతులే మరిచిపోతున్నాను. అందుకే మొదటి నుంచి వరసగా రాస్తున్నాను.

మాది మిడ్ మానేరు జలాశయం కింద మునిగిన 12 ఊళ్ళలో ఒకటి. ఊరి పేరు రాయను, అమ్మకు ఇష్టం లేదు. 2018 వేసవిలో ఇల్లు ఖాళీ చేసి ఆర్ అండ్ ఆర్ (పునరావాస) కాలనీకి వచ్చాం. మరుసటి ఏడాది జలాశయం నిండింది. నేను కరీంనగర్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో పని చేస్తాను. అమ్మ, తమ్ముడు కాలనీలో ఉంటారు.

ఫిబ్రవరి 16న కాలనీలో ఒక పెద్దమనిషి పదకొండో రోజు. ఈమధ్య మా వైపు దశదిన కర్మకు చనిపోయినవాళ్ళ మీద పాట చేయించడం బాగా పెరిగింది. ఆయన కొడుకులు కూడా 12 వేలు పెట్టి చేయించారు. స్పీకర్ డబ్బాల్లో పాట, తెర మీద ఫొటోలు. పాటలో ఆయన పేరు నాలుగుసార్లు వచ్చింది. మిగతాదంతా చల్లని చూపు, వెన్నెల నవ్వు, దేవుడంటి మనిషి. ఆయన నలభై ఏళ్ళు మా ఊరి చెరువు తూము కాడ నీళ్ళు వదిలిన మనిషి. ఎవరి పొలానికి ఎన్ని గంటల నీళ్ళో నోటిలెక్కన చెప్పేవాడు. ఆ ముక్క పాటలో లేదు. ఇంటికి వస్తుంటే అమ్మ అంది, "ఈ పాట ఎవరు సచ్చినా పనికొస్తది బిడ్డా."

ఆ మాట నన్ను పట్టుకుంది. ఆ సాయంత్రమే మా అరుగు మీద నలుగురైదుగురం కూర్చున్నాం. మన ఊరి మీద ఒక పాట కట్టించాలి, అది ఇంకే ఊరికీ పనికిరాకూడదు అనుకున్నాం. బతుకమ్మకు పాడాలి. అప్పటికి ఏడు నెలల టైముంది కదా, ఎంతసేపు అనుకున్నాం. ఆ ఏడు నెలలూ పట్టింది. ఎవరైనా మొదలుపెడితే అంతకంటే తక్కువ టైము పెట్టుకోకండి.

మొదట ఫోన్లో దొరికిన ఒకాయనను అడిగాం. "ఊరి పేరు, గుడి పేరు, సర్పంచ్ పేరు వాట్సాప్ చేయండి, వారంలో పాట ఇస్తా" అన్నాడు. 3 వేలు బయానా పంపాను. వారం పోయింది, రెండు వారాలు పోయాయి, ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆ 3 వేలు పోయినట్టే. పేర్లు పంపితే చాలు అన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

తర్వాత తమ్ముడి స్నేహితుడి ద్వారా కరీంనగర్ దిక్కు ఒక బృందం తెలిసింది. నలుగురు. పాట కట్టి పాడే అన్న, ఇంకో ఆడ గొంతు, డోలక్ వాయించే పిల్లవాడు, డప్పు కొట్టే పెద్దాయన. మార్చి 9న ఫోన్ చేస్తే అన్న ఒక్కటే అడిగాడు, "మేము వచ్చి కూసుంటే మీరు మాట్లాడుతరా?" పెళ్ళిళ్ళ ప్రోగ్రాములు ఒప్పుకుని ఉన్నారు, అవయ్యాక ఏప్రిల్ 13న వస్తామన్నారు. 35 రోజులు ఆగాం. చెప్పిన రోజుకి, చెప్పిన టైముకి వచ్చారు.

ఆ రోజు కమ్యూనిటీ హాల్లో అరవై మంది దాకా పోగయ్యారు. ఒక్కొక్కరు లేచి మాట్లాడడం మొదలుపెట్టారు. ఎకరాకు ఎంత ఇచ్చారు, ఇంటికి ఎంత కట్టారు, పద్దెనిమిదేళ్ళు నిండిన పిల్లల పరిహారం ఎవరికి వచ్చింది, ఎవరికి రాలేదు, ఎన్నిసార్లు కలెక్టరేట్ చుట్టూ తిరిగారు. అందరూ అవే మాటలు, అదే వరస. నేనూ అట్లాగే మాట్లాడాను. ఏళ్ళ తరబడి ఆఫీసర్లకు, పేపరోళ్ళకు, ధర్నా టెంట్ల కింద ఇవే చెప్పీ చెప్పీ మా కథ అర్జీలాగా తయారైంది. ఊరి గురించి అడిగితే మా నోట్లోంచి సర్వే నంబర్లే వస్తున్నాయి. ఆ సంగతి ఆ రోజు దాకా నాకు తెలియదు.

అన్న గంటన్నర విన్నాడు. మధ్యలో ఆపలేదు, ఏమీ రాసుకోలేదు, ఫోన్ రికార్డింగ్‌లో పెట్టి పక్కన ఉంచాడు. అందరూ అయిపోయాక చాయ్ తాగి అడిగాడు, "పొద్దుగాల కండ్లు తెరువకముందే మీ ఊళ్ళె మొదాలు ఏ సప్పుడు ఇనవడేది?"

హాలంతా ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక చిన్నమ్మ అంది, "మా ఇంటెనక గౌండ్ల కాక మోకు భుజానికేసుకొని తాళ్ళల్లకు పోయేటప్పుడు దగ్గేది." ఇంకొకావిడ బీడీ ఆకు కత్తిరించే కత్తెర సప్పుడు అంది. వాళ్ళత్త తెల్లవారుజామున నాలుగింటికే చాట ముందు పెట్టుకుని కూర్చునేదట. పాల సైకిల్ గంట అన్నారు. చెరువు మత్తడి దూకే కాలమైతే ఇంట్లో పడుకున్నా నీళ్ళ మోత వినిపించేది అన్నారు. అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్న ముసలివాళ్ళు కూడా ముందుకు జరిగారు. ఒకరు చెప్పింది ఇంకొకరు సరిచేస్తున్నారు. ఇద్దరు అక్కచెల్లెళ్ళు చేదబావి గిలక ఎటు దిక్కు కిర్రుమనేదో అని వాదులాడుకున్నారు.

మా అమ్మ సభల్లో మాట్లాడదు. ఆ రోజు కూర్చున్న చోటు నుంచే అంది, "మా చుక్కబర్రె గుంజకు ఒళ్ళు గీసుకునేది. గర్ర్... గర్ర్ అని. ఆ సప్పుడుకే లేస్తుంటి."

అన్న అమ్మ దిక్కు తిరిగి, "ఆ బర్రె ఇప్పుడెక్కడున్నదవ్వా?" అన్నాడు.

అప్పుడు అమ్మ చెప్పింది. నాకు కొంత తెలుసు, ఇంత తెలియదు. ఊరు ఖాళీ చేసేటప్పుడు దర్వాజలు, కిటికీలు, దూలాలు ట్రాలీలో వేసుకుని, చివరి ట్రిప్పులో చుక్కబర్రెను ఎక్కించి కాలనీకి తెచ్చారు. మూడో రాత్రి తాడు తెంపుకుని పోయింది. అమ్మ అంతటా వెతికి, చివరికి అనుమానం వచ్చి పాత ఊరికి నడిచింది. కప్పు తీసేసిన మా ఇంటి పక్కన, కూలిపోయిన కొట్టంలో, తన గుంజ కాడ నిలబడి ఉంది. మేత లేదు, నీళ్ళు లేవు, కట్టేసినోళ్ళు లేరు. అయినా కదలకుండా నిలబడిందట. తోలుకొచ్చింది. నాలుగు రోజులకు మళ్ళీ పోయింది. ఆ నెలలో ఆరుసార్లు పోయింది, ఆరుసార్లు అమ్మే వెళ్ళి తెచ్చింది. తొమ్మిది కిలోమీటర్లు పోను, తొమ్మిది రాను. కాలనీలో కట్టేయడానికి జాగా లేదు, మేతకు పొలం లేదు. ఆఖరికి అంగడిలో అమ్మేసింది.

నేను అప్పుడు కరీంనగర్‌లో ఉన్నాను. "బర్రెను అమ్మినం" అని ఫోన్లో ఒక్క ముక్క చెప్పింది. నేను "మంచిదైంది, నీకు కష్టం తప్పింది" అన్నాను. ఆ మాట గుర్తొచ్చి ఆ హాల్లో తల ఎత్తలేకపోయాను.

రెండోసారి మే 4న వచ్చారు. ఎండలకు నీళ్ళు వెనక్కి తగ్గితే ఊరి అంచు కొంత బయటపడుతుంది. అక్కడికి తీసుకుపొమ్మని అన్న అడిగాడు. పొద్దున ఐదింటికి బయలుదేరాం. వెళ్ళాలనుకునేవాళ్ళకు చెప్తున్నాను, ఎనిమిది దాటితే అక్కడ నిలబడలేరు, నీడనిచ్చే చెట్టు ఒక్కటీ లేదు. పాత బూట్లు వేసుకోండి. పైన ఎండిన బురద గట్టిగానే కనిపిస్తుంది, లోపల కాలు దిగబడుతుంది. చిన్నపిల్లలను వద్దు. నీళ్ళ క్యాన్లు మేము రెండు తీసుకుపోతే చాలలేదు.

బురద పెంకులు పెంకులుగా పగిలి ఉంది. తెల్లటి నత్తగుల్లలు, చింతచెట్ల మొద్దులు. గోడలు లేవు, పునాది రాళ్ళు మాత్రం వరసగా ఉన్నాయి. వాడలు గుర్తుపట్టడానికి చాలాసేపు పట్టింది. మా చెరువు కూడా ఆ నీళ్ళ కిందే ఉంది. చెరువుతో సహా మునిగిన ఊరు మాది. అమ్మ మాత్రం ఎవరినీ అడగకుండా చకచకా నడిచి ఒక చోట ఆగింది. అక్కడ గుంజ లేదు. దాని చుట్టూ బాపు పేర్చిన బండలు నాలుగు ఉన్నాయి.

బృందంలోని అక్క అమ్మ పక్కన నిలబడి మెల్లగా అడిగింది, "తోలుకపోనీకి వచ్చినప్పుడు ఏమని పిలిచేదానివమ్మా?"

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఒకసారి, తర్వాత కొంగు తీసి గట్టిగా ఒకసారి పిలిచింది. "దా... దా చుక్కా... ఓ..." మొదటి 'దా' పైన మొదలై, 'చుక్కా' దగ్గర జారి, 'ఓ' కిందికి దిగి చాలాసేపు సాగింది. ఆ సమయంలో ఆ నీళ్ళ మీద వేరే చప్పుడు లేదు. డోలక్ పిల్లవాడు తల దించుకుని చేతి వేళ్ళతో తొడ మీద దరువు వేస్తూ ఉన్నాడు. అన్న ఆ పిలుపునే పది పన్నెండు సార్లు లోలోపల అనుకుంటూ ఒడ్డెంట నడిచాడు. పల్లవి బాణీ అదే. ఇప్పుడు పాట వింటున్నవాళ్ళు ఆ ఎత్తు నుంచి కిందికి జారే చోటు బాగుందని మెచ్చుకుంటున్నారు. అది మా అమ్మ బర్రెను పిలిచిన పిలుపు.

జూన్ 10 కల్లా పాట ఇస్తామన్నారు. రాలేదు. వానలు పడ్డాయి, నాట్లు మొదలయ్యాయి. కాలనీలో చందా ఇచ్చినవాళ్ళు కనిపించినప్పుడల్లా "పాట ఏమైంది" అని అడగడం. మొదటాయన ముంచిన సంగతి అందరికీ తెలుసు కాబట్టి నాకు రోజూ టెన్షనే. నాలుగుసార్లు ఫోన్ చేశాను. ప్రతిసారీ ఎత్తాడు, ప్రతిసారీ "ఇంకా పడుతలేదక్కా" అన్నాడు. 77 రోజుల తర్వాత, జూలై 20న, ఆడియో పంపాడు.

బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. కీబోర్డు, మురళి, వెనక కోరస్. దిగాల్సిన స్టాపు దాటిపోయింది. అంత బాగుంది. ఆ ఆదివారమే కాలనీలో ఆడవాళ్ళందరికీ బ్లూటూత్ స్పీకర్‌లో వినిపించాను. కొందరు ఏడ్చారు. "ఇప్పుడు మనం పాడి చూద్దాం" అంటే ఒక్క చరణం కూడా కుదరలేదు. వాక్యాలు పొడుగు, ఊపిరి అందదు. శృతి అన్న గొంతుకు సరిపోయేది, ఆడవాళ్ళు కిందికి పోలేరు, ఒక మెట్టు ఎక్కిస్తే పైకి అందుకోలేరు. చప్పట్లు ఎక్కడ పడాలో తెలియడం లేదు. మా పెద్దమ్మ అంది, "ఇది ఇనే పాట బిడ్డా. ఆడే పాట గాదు."

అన్నకు ఈ మాట ఎట్లా చెప్పాలా అని రెండు రోజులు భయపడ్డాను. అన్నిసార్లు తిప్పలు పెట్టి రాయించుకుని ఇప్పుడు పనికిరాదంటే ఏమనుకుంటాడో. చెప్పాను. కాసేపు ఆగి, "తప్పు నాదేనక్కా. స్టేజీ మీద నేను పాడేటట్టు కట్టిన. పాడేది మీరు గదా" అన్నాడు. మళ్ళీ మొదటికి వచ్చాడు. కీబోర్డు తీసేశాడు. వాక్యాన్ని రెండు ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు 'ఉయ్యాలో' పెట్టాడు. ముందు ఒకరు అంటారు, వలయంలో ఉన్నవాళ్ళు అందుకుంటారు. అందుకునేలోపు అన్నవాళ్ళకు ఊపిరి తీసుకునే టైము దొరుకుతుంది. బతుకమ్మ పాట అట్లా ఎందుకుంటుందో నా వయసంతా ఆడిన తర్వాత ఇప్పుడు అర్థమైంది.

ఈ మధ్యలోనే పేర్ల గొడవ. ఐదు వేలు చందా ఇచ్చిన ఒకాయన వాళ్ళ నాన్న పేరు పాటలో రావాలన్నాడు. ఒక కులం వాడ ముందు వచ్చి ఇంకో వాడ తర్వాత వచ్చిందని రెండు ఇళ్ళవాళ్ళు అలిగారు. ఒకరు నాయకుడి పేరు పెట్టమన్నారు. అన్న ఒక్కటే పద్ధతి చెప్పాడు, బతికున్న మనిషి పేరు ఒక్కటీ పెట్టను, వాడల పేర్లు పొద్దున ఎండ పడే వరసలో పెడతాను అని. తూర్పు నుంచి మొదలుపెడితే మాల వాడ, మాదిగ వాడ ముందు వచ్చాయి. కొందరు గొణిగారు కానీ సూర్యుడితో పేచీ పెట్టుకోలేక ఊరుకున్నారు. నాకైతే ఆ వరస చాలా నచ్చింది. చందా ఆయన మాత్రం డబ్బు వెనక్కి తీసుకున్నాడు. ఇచ్చేశాం.

ఆగస్టు 10న కొత్త పాట మా ఇంట్లోనే పాడి వినిపించారు. మైకులో పెట్టేముందు, ఎవరి కథ ఉందో వాళ్ళ ముందు, వాళ్ళ ఇంట్లో పాడించుకోండి. ఇది మాత్రం ఎవరైనా తప్పక చేయాలి. మేము అనుకుని చేయలేదు. వాన పడి హాలు కారుతుంటే మా ఇంటికి వచ్చారు, అంతే.

మొదటి చరణం ఊరి చప్పుళ్ళు. రెండోది చుక్కబర్రె:

దారి మరిచేనంటె ఉయ్యాలో
దారి మరువాలేదు ఉయ్యాలో
కొట్టాము కూలినా ఉయ్యాలో
గుంజ కాడనె నిలిచె ఉయ్యాలో

అమ్మ చాప మీద కూర్చుని, మోకాళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని వింటోంది. పెదాలు కదులుతున్నాయి. మూడో చరణం మొదలైంది. అంగడి, బేరం, నోట్ల కట్ట, వెనక్కి తిరిగి చూసిన కళ్ళు. నా గొంతు పూడుకుపోయింది. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు వినిపించింది. పాట ఆగింది.

నేను వెనకే వెళ్ళాను. అమ్మ ఏడవడం లేదు. కడిగిన గ్లాసులే మళ్ళీ కడుగుతోంది.

"అమ్ముకున్న సంగతి పాటల పెడ్తరా బిడ్డా?"

"నువ్వే చెప్పినవు కదమ్మా."

"చెప్పిన. అడిగిన్రు, చెప్పిన. చెప్తే ఐపోతది. పేపర్ల రాస్తే సదివి మరిచిపోతరు. పాటైతే ఏడాదేడాది పాడుతరు. ఏడాదేడాది నేను దాన్ని మల్ల అమ్ముకున్నట్టే ఐతది."

నేను బయటికి వచ్చి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. అన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పాట మొత్తంలో ఆయనకు బాగా కుదిరిన చరణం అదే, నాకూ అదే అనిపించింది. డప్పు పెద్దాయన, "అవ్వ మాట అవ్వదే" అన్నాడు. అన్న నోట్‌బుక్ తీసి ఆ చరణం మీద అడ్డంగా గీత గీశాడు. వంటింటి గడప కాడికి వచ్చి, లోపలికి రాకుండా అక్కడే నిలబడి అడిగాడు, "అవ్వా, గుంజ కాడ నిలబడ్డదన్న కాడనే ఆపుతా. సరేనా?"

"ఆడ ఆపు" అంది అమ్మ.

అమ్మిన సంగతి ఇక్కడ రాయొచ్చా అని అడిగే రాస్తున్నాను. "రాసుకో, పాటల వద్దు" అంది.

సెప్టెంబరు 7న రిహార్సల్. ఆ రాత్రి చంద్రగ్రహణం, మాకెవరికీ గుర్తు లేదు. మధ్యాహ్నం గుడి తలుపులు మూశాక తెలిసింది. సాయంత్రం దాకా అనుకున్నది నాలుగింటికే ముగించాం, అందరూ ఇళ్ళకు పోయి వండుకోవాలి, తినాలి. అయినా 25 మంది ఆడవాళ్ళకు పాట వచ్చేసింది. నోటికి తొందరగా రావడానికి ఒక ఉపాయం పనికొచ్చింది. కాగితం చూడనివ్వలేదు, ఆడియో పంపలేదు, కూర్చోనివ్వలేదు. వలయంలో నడుస్తూ, చప్పట్లు కొడుతూనే నేర్పింది ఆ అక్క. కాగితం చూసినవాళ్ళు అడుగు తప్పుతున్నారని ఆమె మొదటి పది నిమిషాల్లోనే పట్టేసింది.

27న పొద్దున వాన. గ్రౌండంతా బురద. తమ్ముడు, కుర్రాళ్ళు రెండు ట్రాక్టర్ల మొరం పోయించారు. మధ్యాహ్నానికి తెరిపి ఇచ్చింది. తంగేడు దొరకడం కష్టమైంది. కాలనీ చుట్టూ ప్లాట్లే, పాత ఊళ్ళో గట్టు మీదికి పోతే సంచులకొద్దీ తెచ్చుకునేవాళ్ళం. గునుగు కొన్నాం, బంతి కొన్నాం. అమ్మ పొద్దున్నే చింతపండు పులిహోర, పెరుగు సద్ది, నువ్వుల ముద్దలు చేసింది.

డీజే గురించి కుర్రాళ్ళతో ముందే ఒప్పందం చేసుకున్నాం. ఏడు నుంచి ఎనిమిదిన్నర వరకు అన్నీ బంద్, తర్వాత వాళ్ళ ఇష్టం. పక్క వీధి వాళ్ళకు చెప్పడం మరిచిపోయాం. మా పాట మొదలైన ఐదు నిమిషాలకే అటు నుంచి డబ్బాల మోత. తమ్ముడు పరుగెత్తి వెళ్ళి బతిమాలి ఆపించాడు. వాళ్ళూ ఆపేసి ఇటే వచ్చారు. మైకు వలయం మధ్యలో ఒకటే పెట్టారు, ఒక పక్కవాళ్ళకు వినిపిస్తే ఇంకో పక్కవాళ్ళకు వినిపించదు, పాట ముందూ వెనకా అయింది. నాలుగు మూలలా నాలుగు చిన్న బాక్సులు పెట్టించుకోవాల్సింది. చివరికి అక్క మైకు పక్కన పెట్టి, తిరుగుతూ నడుస్తూ పాడింది. అప్పుడు కుదిరింది.

చుక్కబర్రె చరణం వచ్చింది. 'గుంజ కాడనె నిలిచె' దగ్గర పాట ఆగాలి. ఆగలేదు. వలయంలోంచి ఒకావిడ, మా వెనక వీధి ఆమె, రిహార్సల్‌కు కూడా రాని మనిషి, వాళ్ళ కోడిపుంజు గురించి ఒక ముక్క కట్టి అంది. ఊరు ఖాళీ చేసే రోజు అది గోడ దిగి రాలేదట. అందరూ 'ఉయ్యాలో' అన్నారు. తర్వాత ఇంకొకరు, వాళ్ళ ఇంటి మీదికి వచ్చే కోతుల గురించి. తర్వాత చాకలి అవ్వ, రేవు కాడి బండ గురించి. తాళానికి సరిపోతుందా లేదా ఎవరూ చూసుకోలేదు. డోలక్ పిల్లవాడు వాళ్ళు ఎంత సాగదీస్తే అంత సాగదీసి, దొరికిన చోట దరువు అందించాడు. పదిహేను నిమిషాల పాట నలభై నిమిషాలు నడిచింది. అన్న వలయం బయట నిలబడి ఫోన్లో రికార్డు చేసుకుంటున్నాడు. పాడడం ఎప్పుడు ఆపేశాడో నేను చూడలేదు.

తర్వాత బతుకమ్మలు తీసుకుని ట్రాక్టర్లలో జలాశయం ఒడ్డుకు పోయాం. కాలనీకి చెరువు లేదు. పాత ఊళ్ళో మా చెరువులో వేసేవాళ్ళం. ఇప్పుడు ఆ చెరువు మీద నిలిచిన ఈ నీళ్ళలోనే వేస్తున్నాం. ఒడ్డున లైట్లు పెట్టారు, కుర్రాళ్ళు నడుముల దాకా నీళ్ళలో దిగి బతుకమ్మలను అందుకుని లోపలికి తోశారు.

ఖర్చు సంగతి. బృందానికి 30 వేలు: ముందు 5, పాట చేతికొచ్చాక 10, పాడిన రోజు 15. మళ్ళీ కట్టినందుకు ఒక్క రూపాయి ఎక్కువ అడగలేదు. వాళ్ళు వచ్చి పోయిన బండి ఖర్చు 6 వేలు. కూర్చున్న రోజుల్లో చాయ్, భోజనాలు 3,800. మైకు సెట్టు, జనరేటర్ 9 వేలు. లైట్లు, శాలువాలు, మొరం కలిపి 3,500. మొత్తం 52,300. ఇంటికి 200 చొప్పున 118 ఇళ్ళ నుంచి 23,600 వచ్చింది. గల్ఫ్‌లో ఉన్న మా ఊరి పిల్లలు 15 వేలు పంపారు, మహిళా సంఘం 5 వేలు ఇచ్చింది. తక్కువ పడ్డ 8,700 నేను, తమ్ముడు వేసుకున్నాం. మొదటాయనకు పోయిన 3 వేలు ఈ లెక్కలో లేవు. స్టూడియోలో రికార్డు చేయించడానికి ఇంకో 8 వేలు అవుతుందన్నారు, చేయించలేదు. ఏ ఏడాది కొత్త ముక్కలు ఆ ఏడాది పడుతుంటే ఏది రికార్డు చేస్తాం?

రాత్రి పదకొండు దాటాక ఇంటికి వచ్చాం. అమ్మ కాళ్ళు కడుక్కుని మంచం మీద కూర్చుంది. "పాటల అంత బాగనే ఉన్నది గని, దానికి తెల్లచుక్క నుదుట మీద ఉన్నట్టు చెప్పిన్రు. నుదుట గాదు. ఎడమ చెవు కింద" అంది. అప్పటికప్పుడు అన్నకు మెసేజ్ పెట్టాను. ఇంకా దారిలోనే ఉన్నట్టున్నారు, పది నిమిషాల్లో ఆడియో వచ్చింది, వెనక బండి చప్పుడు. ఎడమ చెవి కిందికి మార్చి పాడాడు. అమ్మ రెండుసార్లు పెట్టించుకుని విని, "ఇప్పుడు సరైంది" అంది.

లైటు ఆర్పాక చీకట్లో అమ్మ మళ్ళీ చుక్కబర్రె గురించే మాట్లాడింది. దాన్ని కొన్నవాళ్ళది ఏ ఊరో, అమ్మిన తర్వాత తను అక్కడికి ఒకసారి ఎందుకు వెళ్ళిందో, అక్కడ ఏం జరిగిందో చెప్పింది. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదట. అంతా చెప్పి, దుప్పటి మీదికి లాక్కుంటూ అంది, "ఇది పాటకు గాదు బిడ్డా. రాసుడుకూ గాదు."

సరే అన్నాను.